మొదట మన బోదెను చూచుకొందము

ఒక ప్రశ్న అడిగి ఈ వ్యాసమును మొదలుపెట్టుదును. నీవు మాటలాడుట మానివేసిన మనుష్యుడు ఎవడైనను ఉన్నాడా? ఆదివారమున గుడిలో నీవు ఈ వరుసలోను, అతడు ఆ వరుసలోను కూర్చుండి, ఒకే కీర్తన పాడి, ఆరాధన ముగియగానే వేరువేరు గుమ్మములగుండ బయటికి పోవుచున్నారా? పొలము గట్టున ఎదురైనప్పుడు అతడు కాలువ వైపునకును, నీవు చేను వైపునకును ముఖము త్రిప్పుకొనుచున్నారా? అట్టివాడు నీకు ఒక్కడును లేనియెడల దేవుని స్తుతించి ఈ పుటను మరియొకరికి ఇమ్ము. ఉన్నయెడల దయతో చివరివరకు చదువుము. ఇది నీ కొరకు మాత్రమే గాక నా కొరకును వ్రాసికొనుచున్నాను.

నేనిప్పుడు బెజవాడ ప్రక్కనున్న గుణదలలో కాపురమున్నాను. 1924లో ఫాదర్ అర్లాటి గారు అను ఇటలీ దేశపు మిషనరీ ఇక్కడి కొండమీద మరియమ్మ స్వరూపమును నిలిపిరి. ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరుగు తిరునాళ్లకు జనులు తండోపతండములుగా వచ్చెదరు. పిల్లలను చంకనెత్తుకొని, మూటలు నెత్తిన పెట్టుకొని వచ్చువారితో ఏలూరు రోడ్డు నిండిపోవును. నేను కథోలిక సంఘమునకు చెందినవాడను కాను. అయినను అంత దూరము నడచి ప్రార్థన చేయవచ్చిన ఆ బీదజనులను చూచినప్పుడు నా హృదయము కరగును.

ఒక యేడు తిరునాళ్ల సాయంకాలమున, తలనీలాలు ఇచ్చిన ఇద్దరు స్త్రీలు మా యింటి అరుగుమీద కూర్చుండి మంచినీళ్లు అడిగిరి. వారు అత్తాకోడండ్రు. నేను చెంబుతో నీళ్లు ఇచ్చితిని. అత్త త్రాగి, చెంబును తిరిగి నా చేతికే ఇచ్చి, "ఆ పిల్లకి కూడా కాసిని పొయ్యండి బాబూ" అనెను. ప్రక్కనే కూర్చున్న కోడలికి తన చేతితో అందింపలేదు. కోడలును అత్తవైపు చూడలేదు. ఒకే బస్సులో వచ్చి, ఒకే మెట్లు ఎక్కి, ఒకే దేవుని ప్రార్థించి, ఒకరితో ఒకరు మాటలేక తిరిగి పోవుచున్నారు. "అయ్యో, వీరి భక్తి వలన ప్రయోజనమేమి?" అని నా మనస్సు అనెను. ఆ మాట నా మనస్సులో మెదలినంతనే ఒక వృద్ధుని ముఖము నా కన్నుల యెదుట నిలిచినది. నేను సిగ్గుపడితిని. ఆ వృద్ధుని సంగతియే నీకు చెప్పవలెనని యున్నాను.

ఇది జరిగి 22 ఏండ్లయినది. అప్పుడు నేను కృష్ణా డెల్టాలో సముద్రమునకు చేరువగానున్న ఒక శివారు గ్రామమున సంఘకాపరిగా నుంటిని. ఆ యేడు కోతపండుగ సంతోషముగా జరిగెను. విశ్వాసులు ధాన్యపు మూటలు, కోళ్లు, కోడిగ్రుడ్లు, అరటిగెలలు, గుమ్మడికాయలు తెచ్చి దేవుని సన్నిధిని పెట్టిరి. ఆరాధన తరువాత వాటిని పాట పెట్టి, వచ్చిన సొమ్మును పుస్తకమునకు ఎక్కించితిమి. పుస్తకము వ్రాసినవాడను నేనే. మరుసటి ఆదివారమున లెక్క చదివి వినిపించితిని. అప్పుడు సంఘపెద్దలలో ఒకాయన లేచి నిలిచెను. నాకంటె ఇరువదియేండ్లు పెద్దవాడు. రెండెకరములు కౌలుకు చేసికొని బ్రదుకువాడు. ఆయన మెల్లగా ఇట్లడిగెను:

"అయ్యగారండీ, గుమ్మడికాయల పాట సొమ్ము రెండొందల నలభై పుస్తకంలో ఎక్కినట్టు లేదండి."

ఆయన అడిగినది ఇంతే. నేను విన్నది వేరు. "పాస్టరు దొంగ" అని నా చెవులకు వినబడెను. ముఖము వేడెక్కెను. "నన్ను దొంగనంటున్నారా? ఆ డబ్బు నేను తిన్నాననా మీ ఉద్దేశం?" అని అందరి ముందర కేకలు వేసితిని. ఆయన కూర్చుండెను. మరి పలుకలేదు.

జరిగినదేమనగా, పండుగనాటి సాయంకాలమే పేటలోని ఒక విధవరాలు, జ్వరముతోనున్న పిల్లను పట్నపు ఆసుపత్రికి తీసికొనిపోవుటకు దారిఖర్చు లేక నా యొద్దకు వచ్చెను. నా జేబులోనున్న ఆ సొమ్మును ఆమెకిచ్చితిని. పుస్తకములో వ్రాయుట మరచితిని. నేను దొంగను కాను. గనుక ఈ వ్యాజ్యెములో నేను నిర్దోషినని నిశ్చయించుకొంటిని. తరువాత మూడు ఆదివారములు సంఖ్యాకాండము 16వ అధ్యాయము తీసికొని, మోషేమీద కోరహు తిరుగబడిన సంగతిని ప్రసంగించితిని. ఎవరిని ఉద్దేశించి చెప్పుచున్నానో గుడిలోని పసిపిల్లలకు కూడ తెలిసెను. నాల్గవ ఆదివారమున ఆ పెద్ద గుడికి రాలేదు. ఆయన యింటివారును రాలేదు. "చూచితివా, సత్యము వినలేక పారిపోయెను" అని నాలో నేను అనుకొంటిని.

నాలుగు నెలలు గడిచెను. ఒక రాత్రి భోజనమైన తరువాత నేను మరల ఆ పెద్దను గూర్చియే మాటలాడుచుండగా, నా భార్య అంట్లు తీయుచు ఇట్లనెను: "మీరన్నవన్నీ నిజమేనండి. కానీ ఆ రెండొందల నలభై ఇప్పటికైనా పుస్తకంలో రాశారా?"

నేను వ్రాయలేదు. నాలుగు నెలలలో ఆయనమీద మూడు ప్రసంగములు వ్రాసితిని గాని, పుస్తకములో ఒక్క పంక్తి వ్రాయలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చదువరీ, ఆ రాత్రి నేను నా హృదయమును గూర్చి తెలిసికొనిన సంగతిని నీకు దాచక చెప్పెదను. తగవులో మన హృదయము అబద్ధమాడనక్కరలేదు. అది ఒక నిజమును ఏరుకొని, ఆ నిజము చాటున దాగుకొనును. నేను దొంగను కాననుట నిజమే. ఆ ఒక్క నిజమును జెండావలె ఎత్తిపట్టుకొని, నేను నిజముగా చేసిన తప్పులన్నిటిని దాని నీడలో దాచితిని. సంఘపు సొమ్ము లెక్క వ్రాయక అశ్రద్ధ చేసితిని. తండ్రివంటి పెద్దమీద కేకలు వేసితిని. దేవుని వాక్యము చెప్పవలసిన పీఠమును నా పగ తీర్చుకొనుటకు వాడుకొంటిని. ఒక కుటుంబమును ఆరాధనకు దూరము చేసితిని. చివరకు నేను చేసిన ధర్మము కూడ నా సొమ్ముతో చేసినది కాదు. ఎవరిని అడుగక సంఘపు సొమ్ముతో చేసినది. నేను నిర్దోషినైన నేరము ఒకటి. దోషినైన నేరములు ఐదు. నాలుగు నెలలు నేను ఆ ఒక్కదానిని గూర్చియే దేవునికి మొరపెట్టితిని.

నీ తగవును కూడ ఇట్లు పరీక్షించి చూడుము. "నేను ఆ మాట అననే లేదు" అని నీవు ప్రమాణము చేయుచున్నావు. మంచిది, అనలేదు. మరి ఏ మాట అంటివి? "గట్టు నేను జరుపలేదు" అనుచున్నావు. మంచిది, జరుపలేదు. మరి అతని యింట పెండ్లి జరిగినప్పుడు నీవు ఎక్కడనుంటివి? నీవు చేయనిదానిని గూర్చి పదిసార్లు చెప్పుచున్నావు. చేసినదానిని గూర్చి ఒక్కసారియైనను నీలో నీవు చెప్పుకొంటివా?

సమూయేలు రెండవ గ్రంథము 12వ అధ్యాయములో నాతాను ప్రవక్త దావీదు రాజునకు ఒక కథ చెప్పెను. ఎన్నో మందలున్న ధనికుడు, బీదవానికున్న ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్లను తీసికొని అతిథికి వండించెను. ఈ కథ వినగానే దావీదు కోపముతో మండిపడి, ఆ ధనికునికి మరణదండన విధించెను. దావీదు కోపము అన్యాయమైన కోపము కాదు. ఆ ధనికుడు చేసినది నిజముగా పాపమే. కాని ఆ ధనికుడు తానేయని దావీదునకు తెలియలేదు. అన్యాయమును చూచి మనకు కోపము వచ్చినంతమాత్రమున మనము నీతిమంతులమని రుజువు కాదు. పొరుగువాని పాపమును పోల్చుకొనుటకు మనకు ప్రవక్త అక్కరలేదు. మన పాపమును పోల్చుకొనుటకు కావలెను. నా యింట ఆ రాత్రి అంట్లు తీయుచున్న నా భార్యయే నాకు నాతాను.

మరునాడు ఉదయమున నేను ఆ పెద్దను వెదకుచు పొలమునకు వెళ్లితిని. ఆయన తన చేనికి నీళ్లు తెచ్చు బోదెలో మోకాలిలోతున దిగి, గుర్రపుడెక్కను పెరికి గట్టుమీద వేయుచుండెను. నేను గట్టున నిలిచి ఇట్లంటిని: "పెద్దయ్యా, నేను పుస్తకంలో రాయకపోవడం పొరపాటే. కానీ మీరు అందరిలో అలా అడగకుండా ఉండాల్సింది."

ఆయన నా మాటకు బదులు చెప్పలేదు. చేతినిండ డెక్కను పెరికి గట్టుమీద వేసి, ఊపిరి తీసికొని, నీళ్ల సంగతి చెప్పెను: "ఎగువోళ్లు నీళ్లు ఆపేశారని అందరం తిట్టుకుంటున్నామండి. ఆపడం నిజమేనండి. కానీ మన బోదెలో ఇంత డెక్క ఉంటే, వాళ్లు వదిలినా మన చేలోకి వస్తాయా?"

నేను ఇంటికి తిరిగి వచ్చితిని. "నేను క్షమాపణ అడిగితిని, ఆయన లక్ష్యపెట్టలేదు" అని మొదట కోపము వచ్చెను. తరువాత నా మాటను నేనే మరల తలంచుకొంటిని. నేను క్షమాపణ అడుగనే లేదు. "కానీ" అను మాట వరకు నా తప్పు ఒక్క మాటలో చెప్పి, ఆ తరువాత ఆయన తప్పును చెప్పుటకే వెళ్లితిని. నా బోదెలోని డెక్కను నేను తీయలేదు. తీసినట్లు పైపైన చేయి త్రిప్పి, ఎగువవానిని తిట్టుటకు పోతిని.

ఇక్కడ మనము నిలిచి ఒక ముఖ్యమైన ప్రశ్నకు జవాబు చెప్పవలెను. ఈ పుటను చదువుచున్నవారిలో కొందరు నావలె గాక నిజముగా అన్యాయము పొందినవారున్నారు. కూలి ఎగవేయబడిన వాడున్నాడు. అన్నదమ్ముల పంపకములో మోసపోయినవాడున్నాడు. త్రాగివచ్చు భర్తచేత దెబ్బలు తినుచున్న సహోదరియున్నది. "నన్ను నేను పరీక్షించుకొనుమనుచున్నావా అయ్యగారూ? తప్పు వారిది గదా! బలవంతుడు దోచుకొనగా బలహీనుడు పశ్చాత్తాపపడవలెనా?" అని వారు అడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు చెప్పక ఆత్మపరీక్షను బోధించు కాపరి, తెలియకయే బలవంతుని పక్షమున నిలుచును.

ఆ వృద్ధుడు చెప్పిన నీళ్ల మాటలోనే జవాబున్నది. కృష్ణ నీరు మన చేలకు ఎట్లు వచ్చునో నీకు తెలియును. 1855లో ముగిసిన పాత ఆనకట్ట చేతను, దాని స్థానమున 1957లో ముగిసిన ప్రకాశం బ్యారేజి చేతను, నది బెజవాడయొద్ద నిలిపి, కాలువలకు మళ్లింపబడుచున్నది. ఇక్కడ గుణదల ప్రక్కగా పోవు ఏలూరు కాలువ అందులో ఒకటి. పెద్ద కాలువలనుండి చిన్న కాలువలకును, వాటినుండి తూములగుండ బోదెలకును, బోదెలనుండి చేలకును నీరు పోవును. ఎగువరైతు తన వంతుకు మించి తూము తెరచినయెడల శివారు చేను ఎండును. అది అన్యాయము. శివారు రైతు బోదెను డెక్క కప్పినయెడలను ఆ చేను ఎండును. అది అశ్రద్ధ. ఒకటి ఉన్నది గనుక మరియొకటి లేకుండ పోదు. బోదెను శుభ్రము చేసికొనిన రైతు "ఎగువవాడు మంచివాడు" అని చెప్పుటలేదు. ఎగువవానిని న్యాయము అడుగు హక్కును వదలుకొనుటలేదు. వానికి న్యాయము దొరకిన దినమున ఆ నీరు తన చేనికి చేరునట్లు దారి సిద్ధపరచుకొనుచున్నాడు.

మన ప్రభువు బోధించినది సరిగా ఇదియే. మత్తయి సువార్త 7వ అధ్యాయము 3 మొదలు 5 వచనములలో నలుసును గూర్చియు, దూలమును గూర్చియు ఆయన చెప్పిన మాటను అనేకులు సగమే చదువుదురు. పొరుగువాని కంటిలోని నలుసును వదలివేయుమని ఆయన చెప్పలేదు. మొదట నీ దూలమును తీసివేసికొనుము, అప్పుడు నీ చూపు తేటపడి ఆ నలుసును తీయగలవని చెప్పెను. నలుసు నలుసే; అది తీయవలసినదే. అయితే కంటిలోని నలుసును తీయుట ఎంతో సున్నితమైన పని. కోపముతో వణకు చేతితోను, మసకబారిన కంటితోను ఆ పనికి పూనుకొనువాడు నలుసు తీయడు, కన్ను పొడుచును. కనుక ఆత్మపరీక్ష న్యాయమునకు విరోధి కాదు. అది న్యాయము అడుగబోవు వాని కన్నును కడుగును.

అన్యాయము పొందినవాడు ఎట్లు మాటలాడవలెనో మన తెలుగు సంఘచరిత్రలో ఒక మంచి మాదిరియున్నది. బిషప్ వేదనాయకం సామువేలు అజరయ్యగారు 1874లో తిరునెల్వేలి ప్రాంతమున పుట్టి, మన దోర్నకల్లుకు వచ్చి, 1912లో ఆంగ్లికన్ సంఘమున మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకము పొందిరి. దానికి రెండేండ్లు ముందు, 1910 జూన్ మాసమున స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. వచ్చినవారు సుమారు 1200 మంది. అందులో మన ఆసియా ఖండపువారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారే. ఆ కాలమున విదేశ మిషనరీలకును దేశీయ సేవకులకును నడుమ యజమానికిని పనివానికిని ఉన్నట్టి దూరము ఉండెను. 35 ఏండ్ల యువకుడైన అజరయ్యగారు ఆ దూరమును గూర్చి ఆ మిషనరీల యెదుటనే మాటలాడిరి. ఆ దేశములనుండి వచ్చినవారు చేసిన త్యాగమును కృతజ్ఞతతో ఒప్పుకొనిరి. పిమ్మట, మాకు కావలసినది మీ స్నేహమని అడిగిరి. వారిలో కొందరికి ఆ మాట రుచింపలేదు. అయినను అది ఈనాటివరకు మరువబడలేదు.

చదువరీ, ఇందులో మూడు సంగతులు గమనింపుము. ఆయన అన్యాయమును దాచలేదు. చాటున గొణగక ముఖాముఖిగా చెప్పిరి. పొందిన మేలును మరచి చెప్పలేదు. వీటికి నేను నాల్గవది చేర్చుదును. బిషప్పయిన తరువాత ఆయన అదే కొలబద్దతో తనవారిని కూడ కొలిచిరి. విదేశీయులలోని పెత్తనమును చూపినట్లే, మన సంఘములలోని కులభేదమును, ఈ పేటవారు ఆ పేటవారిని తక్కువగా చూచుటను గద్దించిరి. ఇతరుల చేత తక్కువగా చూడబడినవారమైన మనమే, ఒకే బల్లయొద్ద రొట్టె తీసికొని, ఒకరి యింట ఒకరు భోజనము చేయుటకు వెనుదీసిన దినములు లేవా? పూర్తిగా పోయినవని చెప్పగలమా? పైవానిని న్యాయము అడుగు నోటితోనే క్రిందివానికి అన్యాయము చేయవచ్చును. ఇందుకే అన్యాయము పొందినవానికి కూడ ఆత్మపరీక్ష కావలెను.

ఇక మత్తయి సువార్త 5వ అధ్యాయము 23, 24 వచనములను తెరచి చూడుము. కానుకతో బలిపీఠమునొద్దకు వచ్చినవాడు దానిని అక్కడనే విడిచి, మొదట సహోదరునియొద్దకు పోయి సమాధానపడవలెనని ప్రభువు చెప్పెను. ఎప్పుడు? "నా సహోదరునిమీద నాకు కోపమున్నది" అని జ్ఞాపకము వచ్చినప్పుడు కాదు. సహోదరునికి నామీద ఏదో ఫిర్యాదు ఉన్నదని జ్ఞాపకము వచ్చినప్పుడు. నాకు అతనిమీదనున్న ఫిర్యాదు నాకు ఎల్లప్పుడును జ్ఞాపకమే. దానికి ప్రభువు ఆజ్ఞ అక్కరలేదు. అతనికి నామీదనున్నదానిని జ్ఞాపకము చేసికొనుటయే కష్టము. ప్రార్థనలో దానిని తలంచుకొనుమని ఆయన ఆజ్ఞ.

నేను నేర్చుకొనినదానినిబట్టి కొన్ని మాటలు చెప్పెదను.

మొదట, రాత్రి ఒంటరిగా దేవునితో మాటలాడుము. ఆదికాండము 32, 33 అధ్యాయములు చదువుము. తాను మోసగించిన ఏశావును కలిసికొనుటకు ముందు రాత్రి, యాకోబు యబ్బోకు రేవునొద్ద ఒంటరిగా నిలిచి తెల్లవారువరకు పెనుగులాడెను. తెల్లవారిన తరువాత కుంటుచు వెళ్లి, అన్నయెదుట ఏడుసార్లు సాగిలపడెను. దేవునియొద్ద నడుము విరిగినవాడే సహోదరుని యెదుట వంగగలడు.

రెండవది, నీ తప్పును దాని పేరుతో చెప్పుము. "ఏదైనా తప్పు చేసియుంటే క్షమించండి" అనుట క్షమాపణ కాదు. ఏమి చేసితివో చెప్పుము. "కానీ" అను మాటను ఆ దినమున నోట పలుకకుము. అతని తప్పు చెప్పవలసి వచ్చినయెడల వేరొక దినమున, ఒంటరిగా, మెల్లగా చెప్పవచ్చును.

మూడవది, ఎంతమంది ముందర గాయపరచితివో అంతమంది ముందర కట్టు కట్టుము. నలుగురిలో తిట్టి చాటున క్షమాపణ అడుగుట పిరికితనము. చెల్లింపవలసిన సొమ్మున్న యెడల చెల్లింపుము. జక్కయ్య కన్నీరు కార్చినట్లు లూకా వ్రాయలేదు. నాలుగంతలు తిరిగి ఇచ్చెదనని చెప్పినట్లు వ్రాసెను.

నాల్గవది, అపాయమున్నచోటికి ఒంటరిగా పోకుము. దెబ్బలు తినుచున్న సహోదరీ, మౌనముగా సహించుటయే క్షమించుటయని ఎవరైన నీకు చెప్పినయెడల నమ్మకుము. నీవు పెద్దలకును, అవసరమైతే అధికారులకును చెప్పుట పాపము కాదు. క్షమాపణకు నీ హృదయము చాలును. కాపాడుకొనుటకు ఇతరుల సహాయము కావలెను.

నేను ఈ మాటలను ఎట్లు నేర్చుకొంటినో చెప్పి ముగించెదను. ఆ వారమునే నా జీతములోనుండి 240 రూపాయలు తీసి సంఘపు పెట్టెలో వేసితిని. పుస్తకములో ఆ పంక్తి వ్రాసితిని. దానిని తీసికొని ఆ పెద్దయింటికి వెళ్లి, "పెద్దయ్యా, మీరు అడిగింది న్యాయం. నేను లెక్క రాయలేదు. మీమీద అరిచాను. మూడు వారాలు దేవుని వాక్యంతో మిమ్మల్ని కొట్టాను. నన్ను క్షమించండి" అంటిని. ఆయన పుస్తకము తీసి చూచి, "రాశారు కదండీ, మంచిది" అని మాత్రము అనెను. ఆదివారమున సంఘమంతటి యెదుట అదే మాట చెప్పితిని. ఆయన ఆ ఆదివారమున గుడికి రాలేదు. తరువాతి ఆదివారమును రాలేదు. ఏడు వారములైన తరువాత ప్రభురాత్రి భోజనపు ఆదివారమున వచ్చి, వెనుక గుమ్మమునొద్ద కూర్చుండెను. రొట్టె ఇచ్చునప్పుడు నా చేయి వణకెను.

మరుసటి యేడు కోతపండుగ లెక్కలు మేమిద్దరము కూర్చుండి వ్రాయుచుండగా, ఆయన పుస్తకమునుండి తల యెత్తక ఇట్లనెను: "ఆ రోజు నేనూ అందరిలో అడక్కుండా మీ యింటికొచ్చి అడగాల్సిందండి. అప్పటికే నలుగురూ అనుకుంటున్నారు. మీమీద మాట రాకూడదని తొందరపడ్డాను." నేను ఏ మాటను ఆయన నోట బలవంతముగా రప్పింప జూచితినో, ఆ మాట సంవత్సరము తరువాత దానంతట అదే వచ్చెను. నా బోదెను నేను శుభ్రము చేసికొంటిని. నీరు దాని కాలమందు వచ్చెను. ఆయన ఇప్పుడు ప్రభువునందు నిద్రించుచున్నాడు.

ప్రతి తగవును ఇట్లే ముగియునని నేను నీకు చెప్పను. నాకు ఇప్పటికిని ఒక సహోదరునితో సమాధానము కుదరలేదు. రెండుసార్లు వెళ్లితిని, తలుపు తీయలేదు. ఆ తిరునాళ్లనాడు అత్తాకోడండ్రను చూచి తీర్పు తీర్చబోయినప్పుడు ఆయనయు నాకు జ్ఞాపకము వచ్చెను. పౌలు బర్నబాలవంటి భక్తులే మార్కును గూర్చి వాదము పెరిగి వేరైపోయినట్లు అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయములో వ్రాయబడియున్నది. వారు మరల కలిసి ప్రయాణము చేసినట్లు వ్రాయబడలేదు. అయినను పౌలు తన చివరి పత్రికలో, తిమోతికి వ్రాయుచు, తాను కాదనిన ఆ మార్కునే తన సేవకు ప్రయోజనకరమైనవాడని చెప్పి పిలిపించుకొనెను. అదే పౌలు రోమా పత్రిక 12వ అధ్యాయము 18వ వచనములో సమాధానమును గూర్చి ఒక హద్దు పెట్టెను: మనవలన అగునంతవరకు. అవతలివాని తలుపు మన చేతిలో లేదు. మన కాళ్లు మన చేతిలోనున్నవి. నేను మూడవసారి వెళ్లెదను.

ప్రియ చదువరీ, మీ సంఘమున వచ్చు ప్రభురాత్రి భోజనము ఎప్పుడు? దానికి ముందుగా ఒక రాత్రి దీపము తగ్గించి కూర్చుండి, నీవు మాటలాడని ఆ మనుష్యుని పేరు దేవునియెదుట పలుకుము. అతని తప్పులు చెప్పకుము. దేవునికి అవి తెలియును. నీమీద అతనికున్న ఫిర్యాదు ఏమో అతని నోటితో చెప్పినట్లుగా చెప్పుము. చెప్పిన తరువాత అందులో ఎంత నిజమున్నదో ఆయననే అడుగుము. తెల్లవారిన తరువాత ఎక్కడికి పోవలెనో నీకే తెలియును.

ప్రార్థన: ప్రభువా, మా పొరుగువాని పొలమును చూచుటకు మాకు మంచి కన్నులున్నవి, మా బోదెను చూచుటకు నీవే మాకు కన్నులిమ్ము. మేము నిర్దోషులమైన సంగతుల చాటున దాగుకొనక, దోషులమైన సంగతులను నీయెదుట ఒప్పుకొనుటకు ధైర్యమిమ్ము. అన్యాయము పొందినవారికి న్యాయమును, అన్యాయము చేసిన మాకు పశ్చాత్తాపమును దయచేయుము. మూయబడిన తలుపుల యెదుట నిలిచినవారికి ఓర్పు నిమ్ము. మమ్మును నీతో సమాధానపరచుటకు నీవే మొదట మాయొద్దకు వచ్చితివని మరువకుండ చేయుమని యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.